నొప్పి పెరగడానికి గడి లేదు

ఇక మీదట ప్రజలకు నొప్పి అన్నది ఉండబోదని ఆరోగ్య, ఆయుర్దాయ శాఖ మంత్రిగారు మా ఆసుపత్రి వరండాలో ప్రకటించినప్పుడు నేను ఆయనకు మూడు గజాల దూరంలో ఉన్నాను. ఇంత గొప్ప మాటను నా రెండు చెవులతో విన్నాను కాబట్టి, ఆ తర్వాత నొప్పి ఎలా పోయిందో పాఠకులకు ఉన్నదున్నట్టు చెప్పడం నా బాధ్యత. నేను ఆ ఆసుపత్రిలో కాంపౌండర్ని. ముప్పై ఏళ్లుగా మందుల కిటికీ వెనక కూర్చుంటున్నాను. లోకాన్ని నేను చూసిందంతా ఆ కిటికీలోంచే కనుక, నా కథనం కొంచెం చదరంగా ఉంటే మన్నించాలి.

"నొప్పి ఒక అలవాటు!" అన్నారు మంత్రిగారు మైకులో. "మన తాతముత్తాతలకు ఈ అలవాటు లేదు. బిళ్ల మింగినవాడు నొప్పికి లొంగిపోయినవాడు. మనకు ఊపిరి ఉంది. నీళ్లున్నాయి. ఎండ ఉంది. గులకరాళ్లున్నాయి. ఇన్ని ఉండగా ఇంకా మాత్రలెందుకు?"

జనం చప్పట్లు కొట్టారు. చేతికి పిండికట్టు ఉన్న తాపీమేస్త్రీ ఒకాయన, రెండో చేత్తో తొడ మీద కొట్టుకుని తన వంతు పూర్తి చేశాడు. చిత్తశుద్ధి అంటే అలా ఉండాలి.

పథకం పేరు 'నొప్పిలేని నూరేళ్లు'. ఆ పేరు వినగానే నా పక్కన నిలబడ్డ కాపడం అక్క నా చొక్కా లాగింది.

"నూరేళ్లు నిండాయంటే మనం మంచి మాటగా చెప్పుకోం కదా తమ్ముడూ?"

"ఊరుకో అక్కా. ప్రభుత్వం చెబితే ఏదైనా మంచి మాటే."

కాపడం అక్క మా ఆసుపత్రిలో ఆయా. సొంత పేరు జీతాల రిజిస్టర్‌లో ఉంటుంది, పిలిచేవాళ్లకు దాంతో పనిలేదు. మేడ మెట్ల కింద, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే సరిపోయే జాగాలో ఆమెకో కరెంటు పొయ్యి, ఓ మూకుడు, నాలుగైదు గుడ్డ మూటలు ఉండేవి. రాళ్ల ఉప్పు వేయించి మూటగట్టి, నడుం పట్టేసినవాళ్లకీ మెడ పట్టేసినవాళ్లకీ కాపడం పెట్టేది. మూట ముందు తన మోచేతి మీద ఆనించుకుని చూసి, ఆ తర్వాతే ఎదుటివాళ్ల ఒంటి మీద పెట్టేది. పెడుతున్నంతసేపూ "ఎక్కడమ్మా, ఇక్కడా? ఎప్పటినుంచి? ఇంట్లో నీళ్లెవరు మోస్తారు?" అని అడిగేది. డాక్టరు కోసం రెండు గంటలు కూర్చోవలసినవాళ్లు ఆ రెండు గంటలూ ఆమె దగ్గర గడిపేవారు. నా మాత్రలు సగం, ఆమె మూట సగం కలిపి ఊళ్లో చాలామందిని నడిపించాం. దానికో పేరుందని మాకు తెలియదు. అదేదో సమగ్ర వైద్యం అని మంత్రిగారి కరపత్రం చదివాకే తెలిసింది.

ఇంతమంది కీళ్లు చూసిన అక్క తన కుడి మోకాలిని మాత్రం గెలవలేకపోయింది. ఎక్స్‌రే తీస్తే ఎముకల మధ్య గుజ్జు పూర్తిగా అరిగిపోయిందన్నారు. "కాపడం మంచిదే తమ్ముడూ, కాదనను. నొప్పికి తోడు కూర్చుంటుంది. కానీ అరిగిపోయిన గుజ్జుని తిరిగి తేదు కదా" అనేది. పద్నాలుగు నెలలు ఎదురుచూశాక పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది: టోకెన్ నంబర్ నలభై ఒకటి. నాలుగు నెలల తర్వాత పదిహేడో తేదీ, గురువారం. మోకాలు మార్పిడి. షరతు ఒక్కటే: ఆ తేదీ నాటికి నొప్పి నంబరు ఏడు గానీ అంతకు మించి గానీ ఉండాలి.

"నాది తొమ్మిది. దానికేం భయం లేదు" అని అక్క నవ్వింది. ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మందుల గదిలో నా క్యాలెండర్ వెనక దాచింది. పదిహేడో తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఏ గదిలో చుట్టిందో, ఎవరు చూస్తారో అప్పుడు ఆలోచించలేదు పాపం.

నొప్పి నంబరు అంటే ఏమిటో తెలియని పాఠకులకు ఒక మాట. ఒక అట్ట మీద వరసగా ముఖాలుంటాయి. సున్నా దగ్గర ముఖం నవ్వుతుంటుంది, పది దగ్గర ముఖం భోరున ఏడుస్తుంటుంది. రోగి తన నొప్పికి తగిన ముఖం మీద వేలు పెట్టాలి. అంతే. దీన్ని కనిపెట్టినవాళ్లు మంచి ఉద్దేశంతోనే కనిపెట్టి ఉంటారు. మా శాఖ చేతికి వస్తుందని వాళ్లకెలా తెలుస్తుంది?

పథకం అమలుకు ఒక ప్రత్యేక అధికారిని పంపారు. ప్రతి మాటకు ముందు "పోర్టల్‌లో" అనేవారు కాబట్టి ఆయన్ని మేం పోర్టల్ గారు అనుకునేవాళ్లం. సన్నగా, శుభ్రంగా, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో ఉండేవారు. లక్ష్యం సూటిగా చెప్పారు: "వంద రోజుల్లో ఈ ఆసుపత్రి సగటు నొప్పి ఏడు నుంచి రెండుకి రావాలి."

సూపరింటెండెంటు గారు మెత్తటి మనిషి. గొంతు సవరించుకున్నారు. "రాకపోతే?"

"పోర్టల్‌లో రాకపోవడం అనేది లేదండీ."

మొదటి వారం ఆసుపత్రిని ప్రకృతికి దగ్గర చేశారు. మెట్ల కింద పొయ్యి వల్ల అగ్నిప్రమాదం అని అక్క జాగా ఖాళీ చేయించి, అక్కడ 'సహజ నొప్పి నివారణ కేంద్రం' అని బోర్డు పెట్టారు. బోర్డు జాగా కంటే పెద్దది కావడంతో లోపల ఇక మనిషి పట్టలేదు. పొయ్యి, మూకుడు, మూటలు తెచ్చి అక్క నా గదిలో పెట్టుకుంది. నొప్పి మాత్రలు ఇండెంటులోంచి, అంటే మేం తెప్పించుకునే మందుల జాబితాలోంచి, కొట్టేశారు. నా కిటికీ మీద 'శ్వాస కౌంటర్' అని రాశారు. మాత్రల బదులు నేను చీటీలివ్వాలి: రోజుకు మూడు పూటలా, పూటకు పది శ్వాసలు, భోజనం తర్వాత.

మొదటి చీటీ తీసుకున్నది ఒక వడ్రంగి తాత. భుజం పట్టేసి చెయ్యి లేవడం లేదు.

"ఇవి ఇక్కడే పీల్చాలా బాబూ, ఇంటికి తీసుకెళ్లి పీల్చొచ్చా?"

"ఎక్కడైనా పర్లేదు తాతా. పరగడుపున మాత్రం వద్దు."

"మరి నేను పుట్టినప్పట్నుంచీ పీలుస్తున్నవి?"

పోర్టల్ గారిని అడిగాను. ఆయన కాసేపు ల్యాప్‌టాప్ వంక చూసి, అవి పథకానికి ముందువి కనుక లెక్కలోకి రావన్నారు. తాత చీటీని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ఇటు తిరిగి, "ఆ అమ్మాయి మూట ఎక్కడుంది?" అని నెమ్మదిగా అడిగాడు. తలుపు వెనక ఉందని కళ్లతో చెప్పాను. అక్క ఆ భుజానికి మూడు రోజులు నా గదిలోనే కాపడం పెట్టింది. నాలుగో రోజుకు చెయ్యి తల దాకా లేచింది. ఆ ఘనత రిజిస్టర్‌లో తొంభై శ్వాసల ఖాతాలో పడింది.

ఇక ప్రారంభోత్సవం. ఆవరణలో నలభై అడుగుల గులకరాళ్ల బాట వేశారు. చెప్పుల్లేకుండా దాని మీద నడిస్తే అరికాళ్ల ద్వారా నొప్పి భూమిలోకి దిగిపోతుందట. దిగిన నొప్పి మళ్లీ ఎక్కడ తేలుతుందో కరపత్రంలో లేదు. మంత్రిగారు కూడా నడవాలి. ఆయనకు సుకుమారమైన పాదాలు. ఇంజనీరు గారు తెలివైనవారు. పాత వార్డు పరుపుల స్పాంజి కోసి, గుండ్రంగా చెక్కి, బూడిద రంగేసి, బాటకు ఎడమ పక్కంతా పరిచారు. కుడి పక్క నిజం రాళ్లు. పక్కపక్కన పెడితే పుట్టించినవాడు కూడా ఏది ఏదో చెప్పలేడు. మంత్రిగారు ఎప్పుడూ ఎడమ పక్కనే నడవాలని ఐదుగురికి మాత్రమే చెప్పారు. ఆసుపత్రిలో రహస్యం కాబట్టి మధ్యాహ్నానికి టీ కొట్టాయనకు కూడా తెలిసింది.

మంత్రిగారి పక్కన నడవడానికి, స్వస్థత పొందిన రోగి ఒకరు కావాలి. కాగితాల మీద పథకం ఆ రోజే మొదలవుతోంది కనుక, లెక్క ప్రకారం స్వస్థత పొందినవాళ్లు ఇంకా తయారు కాలేదు. సూపరింటెండెంటు గారు అక్కను పిలిచారు.

"నువ్వయితే మన మనిషివి. నడిచి, మైకులో 'తొమ్మిదుండేది, రెండుకొచ్చింది' అను. చాలు."

అక్క వెంటనే ఒప్పుకోలేదు. "రెండంటే నా తేదీ పోదు కదా సార్?"

"అబ్బే! స్టేజీ మీద నంబరు వేరు, ఫైల్లో నంబరు వేరు."

"ఒట్టు?"

"ముప్పై ఏళ్ల సర్వీసమ్మా నాది. స్టేజీ మీద చెప్పింది ఫైల్లోకి ఎక్కడం ఒక్కసారైనా చూళ్లేదు."

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే అంతకుముందు ఎప్పుడూ ఎక్కలేదు.

మంత్రిగారు ఎడమ పక్క స్పాంజి మీద, అక్క కుడి పక్క రాళ్ల మీద నడిచారు. ఆయన గాల్లో తేలినట్టు నడిచారు. మధ్యలో ఒకసారి గెంతారు కూడా. అక్క పై పెదవి మీద చెమట నేను నలభై అడుగుల అవతల నుంచి చూశాను. చివర మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. రెండు అంది. అనేటప్పుడు నా వంక చూసింది. నేను తల దించుకున్నాను. ఆ క్షణంలో చెప్పుల్లో రాయి ఉన్నట్టు అనిపించింది.

అప్పుడే పోర్టల్ గారు లేచి గర్వంగా ఒక సంగతి ప్రకటించారు. మైకుని నేరుగా పోర్టల్‌కి కలిపారట. చెప్పిన నంబరు చెప్పినట్టే నమోదైపోతుందట. "పారదర్శకత!" అన్నారు. చప్పట్లు.

తొమ్మిదో రోజు పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. 'అభినందనలు. మీరు ప్రకృతి సిద్ధంగా కోలుకున్నందుకు సంతోషిస్తున్నాము. మీకు ఇక నొప్పి లేదు. కనుక టోకెన్ నంబర్ నలభై ఒకటిపై మీ శస్త్రచికిత్స రద్దు చేయడమైనది.'

అక్క ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు నొప్పి లేదని వీళ్లకెవరు చెప్పారు?"

"నువ్వే అక్కా."

స్టూలు మీద కూలబడింది. ఏడవలేదు, కానీ చాలాసేపు మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది, అది వింటే బాధపడుతుందేమో అన్నట్టు. నాకు కడుపు మండింది. అయితే కాంపౌండర్ కడుపుమంటకు మా దగ్గర మందుంది కాబట్టి వేసుకుని, ఆమెను తీసుకుని పోర్టల్ గారి దగ్గరకు వెళ్లాను.

"అయ్యా, నా నంబరు తొమ్మిది. అది వేయించండి" అంది అక్క.

"పోర్టల్‌లో మీది రెండమ్మా."

"రెండు కాదయ్యా, తొమ్మిది. అప్పుడు వేదిక మీద చెప్పమంటే చెప్పాను."

"అలాగే అనుకుందాం. కానీ రెండు నుంచి ఒకటికి మార్చొచ్చు, సున్నాకి మార్చొచ్చు. పైకి పోవడానికి గడి లేదు."

"గడి ఎందుకు లేదు?" అన్నాను నేను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "ఇది నొప్పి తగ్గించే పథకమండీ. పెరగడానికి గడి పెడితే పెరగమని మనమే పిలిచినట్టు కాదూ?"

ఈ మాటలో ఉన్న లోతు నాకు ఆ రోజు అందలేదు. ఇప్పటికీ అందలేదు.

"పోనీ నొప్పి ఉన్నట్టు రుజువు చూపించండి" అన్నారాయన, దయగా.

"ఏం చూపించను? ఇదిగో, నడుస్తాను చూడండి." అక్క బల్ల పట్టుకుని లేచి, కుడికాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్లి వచ్చింది.

"చూశారా! నడుస్తున్నారు!" పోర్టల్ గారి ముఖం వెలిగిపోయింది. ల్యాప్‌టాప్ మీద వేళ్లు టకటకలాడాయి. "ఒకటి చేశాను."

బయటికి వచ్చాక అక్క మెట్ల కింద బోర్డు ముందు ఆగింది. "ఇంకోసారి ఆయన దగ్గరికి తీసుకెళ్లకు తమ్ముడూ. ఇంకొక్క నంబరే మిగిలింది నాకు" అంది.

వంద రోజులూ ఇట్టే గడిచాయి. మా ఆసుపత్రి సగటు ఏడు నుంచి ఆరు, నాలుగు, మూడు అంటూ దిగింది. పది దగ్గర వేలు పెట్టే రోగుల వల్ల అట్ట మాసిపోతోందని ఏడ్చే ముఖాల సగం కత్తిరించి దాచేశారు. దాంతో అందరి నొప్పీ ఒక్క రోజులో ఐదుకి లోపు వచ్చింది. అక్క మాత్రం రోజూ పొద్దున నా గదికి వచ్చి, ఒక మూట వాళ్లకీ వీళ్లకీ కట్టి, ఒక మూట తన మోకాలికి కట్టుకుని, క్యాలెండర్ వంక చూసేది. రద్దయిన తేదీని ఎందుకు చూస్తావని నేను అడగలేదు. ఎర్ర సున్నా చెరపమని ఆమె కూడా అనలేదు. "మంత్రిగారు వందో రోజు వస్తారుగా. ఆయనకే ఉత్తరం చూపిస్తాను. పెద్దమనిషి, ఒక్క మాటంటే చాలు" అనేది. పాపం, మునిగేవాడికి గడ్డిపోచ.

వందో రోజు పదకొండో తేదీన వచ్చింది. పదిహేడుకి ఆరు రోజులు.

మంత్రిగారు వచ్చారు. ఊరంతా వచ్చింది. కెమెరాలు వచ్చాయి. మళ్లీ అదే బాట, మళ్లీ పక్కన అక్క. ఆమె జాకెట్లో ప్లాస్టిక్ కవరు అంచు కనిపిస్తోంది. మంత్రిగారు చెప్పులు విడిచి బాట మీద కాలు పెట్టబోతుండగా కెమెరా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, ఏమనుకోకండి. ఎండ తమరి తల మీద పడి తిరిగి కెమెరాలోకి కొడుతోంది. ముఖం రావట్లేదు. అటు చివర నుంచి ఇటు నడుస్తారా?"

మంత్రిగారికి తల మీద జుట్టు లేదన్న సంగతి నేను ఇప్పటిదాకా చెప్పలేదు. అవసరం రాలేదు. ఆయన పెద్ద మనసుతో అటు చివరకు వెళ్లి, ఇటు తిరిగి, ఇచ్చిన సూచన ప్రకారం బుద్ధిగా తన ఎడమ పక్కకే వచ్చి నిలబడ్డారు. మనిషి ఇటు తిరిగితే ఎడమ మారుతుందన్నది ఇంజనీరు గారికి ఆ క్షణంలోనే తట్టినట్టుంది, నోరు తెరిచారు. ఈలోగా బ్యాండు మొదలైంది.

స్పాంజి మీద కాలు పెట్టిన అక్క ముఖంలో ఆశ్చర్యం. నిజం రాళ్ల మీద కాలు పెట్టిన మంత్రిగారి ముఖంలో మా అట్ట మీంచి కత్తిరించి దాచేసిన ఆ చివరి బొమ్మ. అయినా నాయకుడు నాయకుడే. ఏడడుగులు నడిచారు. ఎనిమిదో అడుగులో, పోయినసారి గెంతిన చోటే గెంతారు. కుడి మోకాలు 'టక్' మనడం బ్యాండులో కూడా వినిపించింది.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అసాధ్యమని పెద్దలు అంటారు. ఆ రోజు మా ఆవరణలో అది పడింది.

"మంత్రిగారు భూమాతకు సాష్టాంగపడ్డారు!" అని పోర్టల్ గారు మైకులో అరిచి పరువు కాపాడారు. జనం చప్పట్లు కొడుతుండగా నలుగురం ఆయన్ని మోసుకొచ్చి నా గదిలో బల్ల మీద పడుకోబెట్టి తలుపేశాం. పంచె పైకి తీస్తే మోకాలికి దళసరి పట్టీ. కొత్తది కాదు. అంచులు అరిగి, కట్టీ కట్టీ చర్మం మీద అచ్చు పడింది.

"ఎన్నాళ్ల నుంచి సార్?" అంది అక్క. అప్పటికే మూకుడులో ఉప్పు వేయించేస్తోంది.

"ఆరేళ్లు" అన్నారు మంత్రిగారు, కళ్లు మూసుకుని. "మాత్ర, ఏదైనా మాత్ర ఉందా?"

ఇండెంటులోంచి కొట్టేసిన సంగతి నేను సవినయంగా మనవి చేశాను. కావాలంటే శ్వాసలున్నాయన్నాను. సూపరింటెండెంటు గారు నా కాలు తొక్కారు.

పోర్టల్ గారు అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్ తెరిచారు. "సార్, నంబరు?"

"పన్నెండు!"

"పోర్టల్‌లో..."

"నోర్ముయ్!"

అక్క మూట తన మోచేతి మీద ఆనించి చూసుకుని, మంత్రిగారి మోకాలికి అద్దింది. నిమిషంలో ఆయన పళ్లు పట్టు వదిలాయి. ఐదు నిమిషాల్లో కళ్లు తెరిచారు. "అబ్బ, ఏం చెయ్యమ్మా నీది!" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు, నేను చూశాను. అక్క వేళ్లతో మోకాలి చుట్టూ నెమ్మదిగా నొక్కి చూసింది.

"ఇది కాపడానికి లొంగేది కాదు సార్. కాసేపు ఊరట, అంతే. లోపల గుజ్జు అరిగిపోయింది. మారిస్తేనే నడుస్తారు. నాదీ అచ్చం ఇదే. నాకు పెద్దాసుపత్రిలో తేదీ కూడా ఇచ్చి..." జాకెట్లోంచి కవరు తీసి రెండు చేతులతో ఆయనకిచ్చింది. "తీసేశారు సార్. తమరు ఒక్క మాట చెబితే..."

మంత్రిగారు రెండు ఉత్తరాలూ చదివారు. మొదటిది రెండుసార్లు చదివారు.

"పదిహేడు" అన్నారు.

"అవును సార్." అక్క వేలు క్యాలెండర్ వైపు చూపించింది. అందరం ఆ ఎర్ర సున్నా వంక చూశాం.

"గురువారం. మంచి రోజే."

పోర్టల్ గారు ఎంత చురుకైనవారో నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పటికే ల్యాప్‌టాప్‌లో వెతికేశారు. "సార్, ఆ టోకెన్ ఇంకా ఖాళీగానే ఉంది. కొత్తగా పేరు రాయిస్తే పద్నాలుగు నెలలు ఆగాలి. పైగా పేపర్లకు తెలుస్తుంది. ఇదైతే ఎవరికీ తెలీదు."

"అది ఆడమనిషి టోకెన్ కదయ్యా?"

"టోకెన్‌కి ఆడా మగా ఉండదు సార్. మోకాలే ఉంటుంది."

సూపరింటెండెంటు గారు కిటికీలోంచి బయటకు చూశారు. నేను చీటీల కట్ట సర్దాను. అక్క చేతిలో మూట చల్లారిపోయింది. దాన్ని మళ్లీ మూకుడులో పెట్టింది. మోకాలు ఇంకా బల్ల మీదే ఉంది కదా మరి.

పదిహేడో తేదీన మంత్రిగారు ప్రకృతి ఒడిలో వారం రోజులు మౌనం పాటిస్తున్నట్టు పేపర్లలో వచ్చింది. అదే రోజు అక్కకూ నాకూ పెద్దాసుపత్రిలో డ్యూటీ వేశారు. కాపడం కోసం అక్క, మూటలు మోయడానికి నేను. ఆపరేషన్ గది బయట నడవాలో నిలబడ్డాం. చెప్పులు లోపలికి రానివ్వరు కనుక మంత్రిగారి చెప్పుల జత అక్క చేతికిచ్చి వెళ్లారు. కుర్చీలున్నాయి గానీ అవి రోగుల బంధువులకు. మేం సిబ్బంది.

మూడు గంటల తర్వాత నర్సమ్మ తలుపు తోసుకుని వచ్చి కాగితం చూసి పిలిచింది.

"టోకెన్ నంబర్ నలభై ఒకటి ఎవరు?"

"నేనేనమ్మా" అని అక్క ఒక అడుగు ముందుకేసింది. ఏడాదిన్నర ఎదురుచూసిన పిలుపు, నోరు ఆగలేదు.

నర్సమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. కొత్త మోకాలు. ఇక నొప్పి ఉండదు."

అక్క వంగి తన కుడికాలి వంక చూసుకుంది. "ఉత్తరంలో కూడా అదే రాశారమ్మా" అంది.

మూడు నెలలు తిరిగేసరికి మంత్రిగారు మా ఆసుపత్రికి మళ్లీ వచ్చారు. ఎంత మార్పు! నడకలో కుర్రతనం వచ్చింది. మౌనం, శ్వాస, ఎండ, ఈ మూడే తన మోకాలిని తిరిగి ఇచ్చాయని మైకులో చెప్పారు. నంబరు అడిగితే సున్నా అన్నారు. ఆ పోర్టల్‌లో పడ్డ మొదటి నిజమైన సున్నా అదేనని నా అభిప్రాయం.

ఆయన కృతజ్ఞత లేని మనిషి కాదు. అక్క చేసిన సేవను మరిచిపోలేదు. ఆమెను వేదిక ముందుకు పిలిచి, "ఈ తల్లి చేతికి ఒక గూడు ఉండాలి!" అన్నారు. ఉంది. కొత్త గది, కొత్త పొయ్యి, రెండు పెద్ద మూకుళ్లు, గుమ్మం మీద 'అక్క కాపడం కేంద్రం' అని అక్షరాలు. పాత జాగాలో బోర్డు ఉంది కాబట్టి గది మేడ మీద కట్టారు. మెట్లు ముప్పై రెండు.

"మందుల్లేని మోకాలు ఎలా ఉంటుందో చూడండి!" అని మంత్రిగారు చెప్పులు విడిచి, రెండేసి మెట్లు చొప్పున ఎక్కేశారు. వెనకే పోర్టల్ గారు, ఇంజనీరు గారు, సూపరింటెండెంటు గారు, కెమెరాలు. కింద విడిచిన చెప్పులు మళ్లీ ఎవరో అక్క చేతికిచ్చారు. ఒక చేత్తో అవి పట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుంటూ అక్క ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె వెనక నేను.

పద్దెనిమిదో మెట్టు మీద ఉండగా పైన రిబ్బను కత్తిరించేశారు. చప్పట్లు హోరెత్తాయి. పోర్టల్ గారు మెట్ల పైనుంచి తొంగిచూసి, మీరు కూడా కొట్టండి అన్నట్టు చేత్తో సైగ చేశారు.

అక్క ఆగి, చేతిలో చెప్పుల వంకా, గోడ వంకా చూసింది. ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. అందుకని ఆమె వంతు కూడా నేనే కొట్టాను.